నీల్ పీర్ట్ పేరున్న ఓక్ స్టిక్స్: ఏడాది వాయించాక

ప్రోమార్క్ కంపెనీ అమ్మే నీల్ పీర్ట్ సిగ్నేచర్ డ్రమ్ స్టిక్స్‌ను నేను ఏడాదిగా వారానికి మూడు రోజులు, రోజుకు గంటన్నర చొప్పున వాయిస్తున్నాను. ఈ ఏడాదిలో మూడు జతలు కొన్నాను. వాటిలో ఒక కర్ర విరిగింది, ఒక జత నకిలీదని తేలింది, మిగిలినవి ఇంకా చేతిలోనే ఉన్నాయి. డ్రమ్స్ కొత్తగా నేర్చుకునేవారు వీటి జోలికి పోవద్దని, గట్టిగా వాయించవలసిన రాక్ సంగీతానికి మాత్రం ఇంతకంటే నమ్మకమైన స్టిక్స్ నాకు ఇంతవరకు దొరకలేదని ముందే చెప్పేస్తున్నాను. మిగిలిన సమీక్షంతా ఈ రెండు మాటలకు కారణాలే. అయితే వీటి మీద ఎవరి పేరు ఉందో, ఆ మనిషి కర్రను ఎలా పట్టుకునేవాడో తెలియకపోతే వీటి గుణదోషాలు సగమే అర్థమవుతాయి. అందువల్ల కెనడాకు చెందిన రష్ అనే రాక్ బృందం డ్రమ్మర్, ఆ బృందం పాటల రచయిత అయిన నీల్ పీర్ట్ జీవితం ఈ సమీక్షలోకి పలుమార్లు వస్తుంది. ఆ ఇంటిపేరును చాలామంది ‘పెర్ట్’ అంటారు కానీ ఆయన ‘పీర్ట్’ అనే పలికేవాడు.

ముందు కొలతలు చూద్దాం. మోడల్ సంఖ్య పీడబ్ల్యూ 747 డబ్ల్యూ. పొడవు 16.25 అంగుళాలు, మందం 0.551 అంగుళాలు, అంటే దాదాపు 14 మిల్లీమీటర్లు. మనలో ఎక్కువమంది వాడే అదే కంపెనీ 5ఎ రకానికి కూడా ఇదే మందం. పొడవు మాత్రం అక్కడ 16 అంగుళాలే. అంకెలు చూసి తేడా పావు అంగుళమే కదా అనుకున్నాను. చేతిలోకి తీసుకున్న మరుక్షణమే ఆ అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది, ఎందుకంటే అసలు తేడా కొలతలో కాదు, చెక్కలో ఉంది. సాధారణంగా దొరికే స్టిక్స్ హికరీ చెక్కవి. ఇవి జపాన్‌లో ‘షిరా కాషి’ అని పిలిచే ఓక్ చెక్కవి. హ్యూస్టన్‌లో 1957లో హెర్బ్ బ్రోక్‌స్టీన్ మొదలుపెట్టిన ఈ కంపెనీకి పేరు తెచ్చినవే జపాన్ ఓక్ స్టిక్స్. తరువాత 2011లో డెడారియో సంస్థ దాన్ని కొనుక్కుంది. యజమాని మారినా ఓక్ మాత్రం మారలేదు.

ఓక్ హికరీ కంటే చిక్కని చెక్క. అందుకే అదే మందంలో బరువు ఎక్కువ, మన్నిక కూడా ఎక్కువ. హికరీ దెబ్బలోని అదురును కొంతవరకు తనలోనే దాచుకుంటుంది. ఓక్ దాన్ని ఉన్నదున్నట్టు మణికట్టుకు చేరవేస్తుంది. మొదటి వారం నాకు కుడి ముంజేయి బరువెక్కింది. డప్పు వాయించేవారికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర లేదు: కుడిచేతి చిర్రకు, ఎడమచేతి చిటికెన పుల్లకు బరువులో ఎంత తేడా ఉంటే శబ్దంలో అంత తేడా వస్తుందని వారికి చిన్నప్పటినుంచే తెలుసు. డ్రమ్ సెట్ దగ్గర రెండు చేతుల్లోనూ ఒకే రకం కర్ర ఉంటుంది కాబట్టి, బరువు పెరిగితే రెండు చేతులకూ ఒకేసారి పెరుగుతుంది. స్నేర్ అనే పలచని డ్రమ్ మీద కొట్టినప్పుడు శబ్దం ముందుకు దూకుతుంది. టామ్‌లనే గుండ్రని డ్రమ్ముల మీద దొర్లించినప్పుడు ఒక్కొక్క దెబ్బా విడివిడిగా, గుండ్రంగా వినిపిస్తుంది. లయ నడిపించే పెద్ద లోహపు పళ్లెం రైడ్ సింబల్ మీద చెక్క మొన కావడం వల్ల నైలాన్ మొనలోని చురుకు ఉండదు, కానీ చేవ ఉంటుంది. కాలితో మూసి తెరిచే జత పళ్లేల హై-హ్యాట్ మీద మెల్లగా వాయించవలసిన చోట మాత్రం ఇవి మాట వినవు. ఎంత అదుపు చేసినా కొంచెం గట్టిగానే పడతాయి.

కొనుగోలు గురించి ఒక హెచ్చరిక. మొదటి జతను హైదరాబాదులో ఒక వాద్యాల దుకాణంలో చేత్తో పట్టి చూసి కొన్నాను. రెండవ జతను కాస్త తక్కువకు వస్తుందని ఆన్‌లైన్‌లో ఒక విక్రేత దగ్గర తెప్పించుకుని మోసపోయాను. ముద్ర బాగానే ఉంది, కవరు బాగానే ఉంది, చెక్క మాత్రం ఓక్ కాదు. రెండు కర్రలూ ఒకదానితో ఒకటి తూగలేదు. డబ్బు తిరిగి రావడానికి నెలన్నర పట్టింది. అసలు జత లక్షణమేమిటంటే, కంపెనీ రెండు కర్రలనూ బరువులోనూ స్వరంలోనూ జోడు కుదిర్చి అమ్ముతుంది. ఇంట్లో వంటగది తూకం మీద పెట్టి చూస్తే నా మొదటి జత మధ్య తేడా ఒక గ్రాము కూడా లేదు. దుకాణంలో తూకం అడగడానికి మొహమాటంగా ఉంటే, కర్రను గాజు బల్ల మీద దొర్లించండి. వంకర ఉంటే మొన ఊగుతుంది. తరువాత రెండింటినీ ఒక్కొక్కటిగా అదే బల్ల మీద తేలికగా తట్టండి. రెండు స్వరాలు వినిపిస్తే ఆ జతను అక్కడే వదిలేయండి.

ఇక పేరు సంగతి. నీల్ పీర్ట్ 1952 సెప్టెంబరు 12న కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, హామిల్టన్‌లో పుట్టాడు. పెరిగింది సెయింట్ కాథరిన్స్ పట్టణంలో, ఒంటారియో సరస్సు ఒడ్డున ఉన్న పోర్ట్ డల్హౌసీ పేటలో. తండ్రి వ్యవసాయ యంత్రాల దుకాణం నడిపేవాడు. పిల్లవాడు చైనా వారి భోజనపు పుల్లలతో ఇంట్లోని బల్లలూ కుర్చీలూ వాయించేస్తూ ఉంటే చూడలేక, తల్లిదండ్రులు 13వ పుట్టినరోజుకు ఒక జత స్టిక్స్, సాధనకు వాడే రబ్బరు పలక (ప్రాక్టీస్ ప్యాడ్) కొనిచ్చి, పాఠాలకు పంపారు. ఏడాది పాటు మానకుండా నేర్చుకుంటే డ్రమ్స్ కొనిస్తామన్నారు. మాట తప్పకుండా 14వ పుట్టినరోజుకు కొనిచ్చారు కూడా. అంటే ఆయన చేతికి డ్రమ్ కంటే ఏడాది ముందు కర్ర వచ్చింది. కర్రల మీద డబ్బు పెట్టే ముందు ఈ వరస గుర్తుంచుకోదగినది. మన దగ్గర పిల్లలకు ముందు సెట్ కొనిచ్చి, దానితో ఉచితంగా వచ్చిన నాసిరకం స్టిక్స్‌తోనే రెండేళ్లు వాయింపించి, చేయి ఎందుకు కుదరడం లేదని ఆశ్చర్యపోతూ ఉంటాము.

ఆయనకు ఆదర్శం జాజ్ డ్రమ్మర్ జీన్ క్రూపా, ఆ తరువాత ద హూ బృందానికి వాయించిన కీత్ మూన్. 18 ఏళ్ల వయసులో సంగీతంలో పైకి రావాలని లండన్ వెళ్లి, ఏడాదిన్నర పాటు చిన్నా చితకా బృందాలలో వాయిస్తూ, కార్నబీ స్ట్రీట్‌లోని దుకాణంలో నగలూ నాణ్యాలూ అమ్ముకుంటూ గడిపి, ఏమీ తేలక తిరిగి వచ్చి తండ్రి దుకాణంలోనే ట్రాక్టర్ విడిభాగాలు అమ్మే పనిలో చేరాడు. రష్ బృందానికి అప్పట్లో గాయకుడూ బేస్ గిటారిస్టూ అయిన గెడ్డీ లీ, గిటారిస్టు అలెక్స్ లైఫ్‌సన్ ఉన్నారు. మొదటి డ్రమ్మర్ జాన్ రట్సీ ఆరోగ్యం బాగాలేక తప్పుకోవడంతో, అమెరికా యాత్రకు రెండు వారాలే గడువుండగా కొత్త మనిషి కోసం వెతుకుతున్నారు. పీర్ట్ ఒక పాత చిన్న కారులో, తన డ్రమ్స్‌ను చెత్తడబ్బాలలో పెట్టుకుని ఆ పరీక్షకు వచ్చాడు. లీకి వెంటనే నచ్చాడు, లైఫ్‌సన్‌కు నచ్చడానికి కొంత సమయం పట్టింది. 1974 జులై 29న బృందంలో చేరిన మనిషి, ఆగస్టు 14న పిట్స్‌బర్గ్ సివిక్ అరీనాలో యురయా హీప్ బృందానికి ముందు 11,000 మందికి పైగా జనం ఎదుట వాయించాడు. ఆ దుకాణంలో ఆయన వదిలివెళ్లిన కుర్చీలో తరువాత ఎవరు కూర్చున్నారో గాని, ఆయన మాత్రం 41 ఏళ్లపాటు వేరే బృందం మారలేదు.

ఈ స్టిక్స్ సమీక్ష రాసేవారు తప్పక చెప్పవలసిన విడ్డూరం ఒకటుంది. తయారీదారు ఎంతో శ్రద్ధగా చెక్కిన మొనను ఆయన చాలాకాలం వాడనే లేదు. డబ్బులేని తొలి రోజులలో మొనలు విరిగిపోతే, కొత్తవి కొనలేక కర్రను తిరగేసి మొద్దు వైపుతో వాయించేవాడు. క్రమంగా చేయి దానికే అలవాటు పడింది. డబ్బు వచ్చాక కూడా అలవాటు పోలేదు. అంతేగాక, కర్ర చేతిలో జారకుండా ఉండాలని పట్టుకునే చోట వార్నిష్‌ను గీకి తీసేయించుకునేవాడు. రష్ కచేరీ యాత్రల పుస్తకాలలో ఆయన తన వాద్యాల జాబితా రాసినప్పుడు ఈ మాటను ప్రత్యేకంగా చెప్పుకున్నాడు. కంపెనీ పూసిన మెరుపును తీసేసి, కంపెనీ చెక్కిన మొనను వెనక్కి తిప్పి పట్టుకున్న మనిషి పేరునే ఆ కంపెనీ ఆ కర్ర మీద ముద్రించి అమ్ముతోంది. నాకు ఇందులో తప్పు కనిపించలేదు, నవ్వు మాత్రం వచ్చింది.

అయితే ఆ రెండు పనులూ నేను చేసి చూశాను. సన్నని గరుకు కాగితంతో పట్టుకునే చోట నాలుగు అంగుళాల మేర వార్నిష్ తీసేశాను. మన ఉక్కపోతలో, పంకా సరిగా తిరగని అద్దె ప్రాక్టీసు గదిలో అరగంట వాయించేసరికి అరచేయి తడిసిపోతుంది. వార్నిష్ ఉన్న కర్ర అప్పుడు చేపలా జారుతుంది, తీసేసిన కర్ర చెమటను కొంచెం పీల్చుకుని నిలబడుతుంది. ఈ ఒక్క మార్పుతో ఈ స్టిక్స్ విలువ నాకు రెట్టింపయింది. కంపెనీయే ఆ భాగం నగ్నంగా వదిలేసి అమ్మితే బాగుండేదని నా అభిప్రాయం. మొద్దు వైపు వాయించడం మాత్రం నాకు అచ్చిరాలేదు. స్నేర్ మీద పిడుగు పడినట్టుంటుంది నిజమే, కానీ బరువంతా ముందుకు వచ్చేయడంతో వేగంగా వాయించవలసిన చోట కర్ర నా చేతిని లాక్కుపోయింది. అలా వాయిస్తూనే ఆయన అంత వేగం, అంత స్పష్టత ఎలా సాధించాడో తలచుకుంటే ఆ మణికట్ల మీద గౌరవం పెరుగుతుంది.

ఆయన కేవలం వాయించిన మనిషి అయితే ఈ స్టిక్స్ గురించి ఇంతకంటే రాయనక్కర లేదు. కానీ రష్ పాటలకు మాటలు ఆయనవే. బృందంలో చేరిన కొత్తలోనే, మిగిలిన ఇద్దరికీ మాటలు రాయడం మీద పెద్దగా ఆసక్తి లేకపోవడంతో, ఎప్పుడు చూసినా పుస్తకం చేతిలో ఉండే ఈ మనిషి మీద ఆ పని పడింది. 1975లో వచ్చిన ‘ఫ్లై బై నైట్’ నుంచి 2012 నాటి ‘క్లాక్‌వర్క్ ఏంజెల్స్’ వరకు దాదాపు అన్ని పాటలకూ సాహిత్యం ఆయనే రాశాడు. సాధారణంగా మాటలు ముందు రాసి ఇచ్చేవాడు. లీ, లైఫ్‌సన్ వాటికి బాణీ కట్టేవారు. 1975లోనే వచ్చిన ‘కెరెస్ ఆఫ్ స్టీల్’ అమ్ముడుపోలేదు. జనం పలచబడిన ఆ యాత్రకు బృందమే తమను తాము వెక్కిరించుకుంటూ ‘మునిగిపోతున్న యాత్ర’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకుంది. రేడియోలో వేయదగిన చిన్న పాటలు చేయమని రికార్డు కంపెనీ ఒత్తిడి తెచ్చింది. వారు దానికి జవాబుగా 1976లో, రికార్డు ఒక వైపు మొత్తాన్ని ఆక్రమించే 20 నిమిషాల ఒకే కథతో ‘2112’ ఇచ్చారు. అది నిలబడింది, దానితో పాటు వారి స్వేచ్ఛ కూడా నిలబడింది. ఆ కథకు అమెరికా రచయిత్రి అయన్ ర్యాండ్ రచనల ప్రభావం ఉందని పీర్ట్ రికార్డు మీదే రాసుకున్నాడు; వయసు పెరిగాక ఆ ప్రభావం నుంచి బాగా దూరం జరిగాడు. నా మటుకు నాకు ఆ దీర్ఘకథల కంటే, పొదుపుగా రాసిన పాటలే ఎక్కువ ఇష్టం. చిన్నప్పుడు వేసవిలో తాను పనిచేసిన పోర్ట్ డల్హౌసీ సరస్సు ఒడ్డు ఉద్యానం గురించి రాసిన పాటలో ఉన్న వెచ్చదనం, ‘2112’ కథలోని పురోహిత పాలకుల గురించి రాసిన చోట లేదు.

స్టిక్స్‌ను పరీక్షించడానికి నేను ఎంచుకున్నది మాత్రం మాటలు లేని ఆయన రచన. 1981 నాటి ‘మూవింగ్ పిక్చర్స్’లో ‘వైవైజెడ్’ అనే వాద్యరచన ఉంది; దాన్ని లీ, పీర్ట్ కలిసి కట్టారు. వైవైజెడ్ అనేది టొరాంటో విమానాశ్రయపు సంకేతం. ఆ మూడు అక్షరాలను మోర్స్ కోడ్‌లో పంపితే వచ్చే గీతలు, చుక్కలే దాని ఆరంభ లయ. గీతకు రెండు మాత్రలు, చుక్కకు ఒక మాత్ర అనుకుంటే, వై అనే అక్షరం గీత, చుక్క, గీత, గీత కాబట్టి 7 మాత్రలు. జెడ్ గీత, గీత, చుక్క, చుక్క కాబట్టి 6. మొత్తం 20. పాశ్చాత్యులు దీన్ని అయిదు నాలుగు అని లెక్క కడతారు. మృదంగం కొంచెమైనా విన్న తెలుగువారికి ఇంకా సులువైన దారి ఉంది: తకిట తకధిమి, తకిట తకధిమి, తకధిమి తక. తకిటలో మొదటి అక్షరం మీద, మూడవ అక్షరం మీద కొట్టి, తకధిమిలో రెండేసి మాత్రలకు ఒక్క దెబ్బ వేసి, చివరి తకలో రెండక్షరాలూ పలికిస్తే టొరాంటో విమానాశ్రయం పేరు మీ బల్ల మీదే వినిపిస్తుంది. నాకు తెలిసిన డ్రమ్మర్లలో చాలామంది దీన్ని అంకెలుగా బట్టీపట్టి తడబడినవారే. నోటితో జతి చెప్పుకున్నాక నాకు ఒక పూటలో వచ్చింది.

ఈ లయను రైడ్ సింబల్ బొడిపె మీద వాయించి చూస్తేనే ఈ స్టిక్స్ ఎందుకు ఇలా తయారుచేశారో తెలుస్తుంది. పావు అంగుళం అదనపు పొడవు వల్ల సింబల్ కోసం భుజం చాపవలసిన పని తగ్గుతుంది. ఓక్ బరువు వల్ల బొడిపె మీద ప్రతి చుక్కా విడిగా మోగుతుంది. అదే లయను 5ఎ హికరీతో వాయిస్తే చేయి తేలికగా కదిలింది కానీ చుక్కలు రెండూ కలిసిపోయినట్టు వినిపించాయి. ఈ తేడాను ప్రాక్టీసు గదిలో ఉన్న మా గిటారిస్టుకు ఏ జతో చెప్పకుండా రెండు సార్లు వినిపిస్తే, రెండు సార్లూ ఓక్‌నే ఎంచుకున్నాడు. ఇంకో సంగతి: పీర్ట్ చుట్టూ ఉండే వాద్యాల అడవిని చూస్తే ఆ పొడవు ఎందుకో అర్థమవుతుంది. 1984 యాత్ర నుంచి ఆయన వీపు వెనక ఒక ఎలక్ట్రానిక్ సెట్ కూడా చేరింది. తరువాత కొన్నేళ్లకు వేదికే గుండ్రంగా తిరిగేది. నాలుగు డ్రమ్ములు, మూడు సింబల్‌లు ఉన్న నాలాంటివాడికి అంత పొడవు తప్పనిసరి కాదు.

ఇక దోషాలు. మొదటిది, గది చిన్నదైతే ఇవి వద్దు. అపార్టుమెంటులో, చర్చిలో, పెళ్లిమండపపు వేదిక మీద గాయకుడి పక్కనే కూర్చుని వాయించేవారు వీటితో తిట్లు తింటారు. రెండవది, విరిగే పద్ధతి. హికరీ కర్ర వాయించే కొద్దీ అంచుల్లో పీచుపీచుగా లేచి, ఇక నా పని అయిపోయిందని ముందే చెబుతుంది. ఓక్ చాలాకాలం చెక్కుచెదరదు, పోయినప్పుడు మాత్రం ఉన్నట్టుండి పోతుంది. నా కర్ర ఏడవ నెలలో, పాట మధ్యలో, అంచునూ డ్రమ్ మీది పొరనూ ఒకేసారి తాకే రిమ్ షాట్ కొట్టగానే రెండు ముక్కలయి ఒక ముక్క బేస్ గిటారు వాయించే మిత్రుడి భుజం మీద పడింది. కచేరీకి వెళ్తే రెండవ జత దగ్గరే పెట్టుకోండి. మూడవది, పల్చని చవక సింబల్‌ల మీద వీటిని వాడితే కర్రకంటే ముందు సింబల్ చిట్లుతుంది. నాలుగవది, మణికట్టు. రోజూ వాయించే అలవాటు లేనివారు ఒకేసారి వీటికి మారకుండా మొదట పావుగంటతో మొదలుపెట్టాలి. పదమూడేళ్ల లోపు పిల్లలకు వీటిని కొనిస్తే వారు డ్రమ్స్ మానేసే అవకాశమే ఎక్కువ.

మణికట్టు గురించి చెప్పేటప్పుడు 1994 నాటి సంగతి చెప్పాలి. అప్పటికి పీర్ట్‌కు 41 ఏళ్లు. మోడర్న్ డ్రమ్మర్ పత్రిక ఆయనను తన గౌరవ జాబితాలో చేర్చుకుని 11 ఏళ్లయింది. ప్రపంచంలో ఆ స్థాయి డ్రమ్మర్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ ఏడాది జాజ్ మహా డ్రమ్మర్ బడ్డీ రిచ్ స్మృతికి ఒక రికార్డు నిర్మిస్తూ ఉండగా, వాయించడానికి వచ్చిన స్టీవ్ స్మిత్ అనే డ్రమ్మర్ చేతిలో ఇంతకుముందు లేని సొగసు చూసి, కారణం అడిగాడు. ఫ్రెడ్డీ గ్రూబర్ అనే గురువు అని జవాబు వచ్చింది. పీర్ట్ నేరుగా ఆ గురువు దగ్గరకు వెళ్లి కూర్చున్నాడు. రెండు చేతులతోనూ కర్రను ఒకేలా పట్టుకునే అలవాటును పక్కనపెట్టి, ఎడమ అరచేయి పైకి తిప్పి పట్టుకునే పాత జాజ్ పట్టును మొదటినుంచి నేర్చుకున్నాడు. దెబ్బ కంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య చేయి గాలిలో తిరిగే దారి ముఖ్యమన్నది గ్రూబర్ బోధ. 1996లో వచ్చిన ‘టెస్ట్ ఫర్ ఎకో’ రికార్డు ఆ కొత్త చేతి పని. తరువాత మళ్లీ తన మొదటి పట్టుకు వచ్చాడు కానీ గ్రూబర్ దగ్గర నేర్చినదాన్ని పూర్తిగా వదలలేదు. 2007 ప్రాంతంలో జాజ్ డ్రమ్మర్ పీటర్ ఎర్స్‌కిన్ దగ్గర మరోసారి పాఠాలకు వెళ్లాడు.

ఆ జాజ్ పట్టుతో ఈ స్టిక్స్ ఎలా ఉంటాయో చూద్దామని నెల రోజులు ప్రయత్నించాను. ఆశ్చర్యంగా, ఎడమచేతి బొటనవేలి చీలికలో ఈ కర్ర బాగా కుదురుకుంటుంది. దాని బరువే దాన్ని తిరిగి పైకి లేపుతుంది. గట్టిగా పట్టుకోవడం మానేసిన రోజు నుంచి నా ముంజేయి నొప్పి కూడా తగ్గింది. ఈ స్టిక్స్ బరువు దోషమని అనుకున్నవారు, ముందు తమ పిడికిలి ఎంత బిగించి ఉందో చూసుకోవడం మంచిది.

1997 ఆగస్టు 10న పీర్ట్ కూతురు సెలీనా కారు ప్రమాదంలో చనిపోయింది, 19 ఏళ్లు. పది నెలలకు, 1998 జూన్‌లో, భార్య జాక్లిన్ క్యాన్సర్‌తో పోయింది. కూతురి అంత్యక్రియల దగ్గరే మిత్రులతో తాను విరమించినట్టే అనుకోమన్నాడు. స్టిక్స్ పక్కనపెట్టి మోటారు సైకిలెక్కి ఉత్తర అమెరికా అంతటా, మెక్సికో మీదుగా మధ్య అమెరికా దాకా సుమారు 88,000 కిలోమీటర్లు తిరిగాడు. మిగిలిన ఇద్దరూ వేరొక డ్రమ్మర్ కోసం వెతకలేదు, ఆయనను తొందరపెట్టనూ లేదు. 2000లో ఫొటోగ్రాఫర్ క్యారీ నటాల్‌ను పెళ్లి చేసుకుని, 2001లో తిరిగి స్టూడియోకు వచ్చాడు. 2002లో వచ్చిన ‘వేపర్ ట్రెయిల్స్’ మొదలయ్యేదే ఒంటరి డ్రమ్ముల హోరుతో. ఆ రికార్డు శబ్ద మిశ్రమం బాగాలేదని అందరూ అన్నారు, తరువాత దాన్ని మళ్లీ సరిచేసి విడుదల చేశారు కూడా. అయినా ఆ మొదటి అర నిమిషం కోసం నేను పాత ప్రతినే వింటాను. ఆ ఏడాది నవంబరులో రియో డి జనీరోలోని మరకానా మైదానంలో 40,000 మంది జనం మాటలే లేని ‘వైవైజెడ్’ను గొంతెత్తి పాడారు. ఆ కచేరీ వీడియోగా దొరుకుతుంది. ఈ స్టిక్స్ కొనాలా వద్దా అని తేల్చుకోలేనివారు ముందు అది చూడవచ్చు.

రష్ చివరి కచేరీ 2015 ఆగస్టు 1న లాస్ ఏంజెలెస్ దగ్గరి ఇంగిల్‌వుడ్‌లో జరిగింది. భుజాల నొప్పి, స్నాయువుల వాపు, ఆ యాత్రలో పాదానికి వచ్చిన ఇన్ఫెక్షన్ ఆయనను బాగా వేధించాయి. తన స్థాయికి తగ్గి వాయించడం ఇష్టంలేక, వాయించగలిగినప్పుడే ఆపేశాడు. కచేరీ ముగిశాక డ్రమ్స్ దాటి ముందుకు వచ్చి మిగిలిన ఇద్దరినీ కౌగిలించుకున్నాడు. నలభై ఏళ్లుగా ఆ హద్దు దాటి ముందుకు రాకూడదన్నది తనకు తాను పెట్టుకున్న నియమం. 2020 జనవరి 7న సాంటా మోనికాలో మెదడు క్యాన్సర్‌తో 67 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. మూడున్నర ఏళ్లు ఆ జబ్బుతో ఉన్నా దగ్గరివారు ఎవరికీ పొక్కనీయలేదు. పొగడ్తలంటే పారిపోయే మనిషి పేరు ఇప్పటికీ కర్రల మీద అచ్చవుతూ ఉండటం ఆయనకు ఎలా అనిపించేదో గాని, పని ముట్టు మీద పేరు కాబట్టి టీ షర్టు మీద బొమ్మంత ఇబ్బంది పెట్టి ఉండదని నేను అనుకుంటున్నాను.

ధర విషయానికి వస్తే, మన మార్కెట్‌లో దిగుమతి సరుకు కావడం వల్ల నేను కొన్న చోట స్థానికంగా దొరికే మామూలు జతకు నాలుగింతలు పడింది. మన్నిక కూడా నా చేతిలో దాదాపు అంతే వచ్చింది, కాబట్టి లెక్క సరిపోయింది. పేరు మీద మోజు లేనివారు పేరు లేని ఓక్ 747 దొరికితే నిక్షేపంగా తీసుకోవచ్చు. వానాకాలంలో వీటిని సంచిలో నిలువుగా కుక్కకుండా బీరువాలో పడుకోబెట్టి ఉంచండి. నా నాలుగు కర్రల్లో ఒకటి జులైలో కొంచెం వంగింది. వంగినదాన్ని ఇప్పుడు ప్రాక్టీస్ ప్యాడ్‌కే వాడుతున్నాను, మొద్దు వైపు.